పాత గుళ్ళ గాజు నెగటివ్‌లు: స్కాన్ చేసి వదిలించుకోమంటున్నారు, ఏం చేయాలి?

లంకల_లైబ్రరీ
కోనసీమలో ఓ పాత గ్రంథాలయం. మేడగదిలో రెండు ట్రంకు పెట్టెలు, ఒక అట్టపెట్టె ఉన్నాయి. లెక్కపెడితే గాజు నెగటివ్‌లు 340, అంటే ఫిల్ముకి బదులు గాజు పలక మీద తీసినవి. సైజు చూస్తే ఎక్కువ హాఫ్ ప్లేట్లు, ఓ అరవై ఫుల్ ప్లేట్లు. ఫిల్ము షీట్లు వందకు పైన, ప్రింట్లు నాలుగొందల దాకా. ద్రాక్షారామం, సామర్లకోట, బిక్కవోలు, ర్యాలి, గుంటుపల్లి గుహలు, శాసనపు రాళ్ళు, విడి విగ్రహాలు. కొన్నిటి కవర్ల మీద ఇంగ్లీషులో పేరూ నంబరూ ఉన్నాయి, కొన్నిటికి కవరే లేదు.
కమిటీ ఆలోచన ఇదీ: ప్రింట్లకి లామినేషన్, అన్నీ ఊరి వారీగా సర్ది కొత్త నంబర్లు, 2027 పుష్కరాలకి ఎగ్జిబిషన్, స్కానింగ్ అయ్యాక గాజు బరువు వదిలించుకోవడం. గదికి ఏసీ పెట్టిస్తారట, గ్రంథాలయం తెరిచి ఉన్నంతసేపే నడుస్తుంది. అట్టపెట్టెలోంచి పుల్లటి వాసన వస్తోంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

సిల్వర్‌జెలటిన్
లామినేషన్ అన్న మాట మినిట్స్‌లోంచి ముందు కొట్టించేయండి. వేడికి జిగురు ఎమల్షన్‌లోకి, అంటే బొమ్మ ఉండే జెలటిన్, వెండి పొరలోకి, దిగిపోతుంది, తర్వాత విడదీయడం ఎవరి తరమూ కాదు.
మిగతా వాదనలు రేపు చేసుకోవచ్చు. ఆ పుల్లటి వాసన పెట్టె మాత్రం ఇవాళే గాజు ప్లేట్లున్న గదిలోంచి బయటికి రావాలి. అది ఎసిటేట్ అనే ప్లాస్టిక్ ఫిల్ము విరుగుతున్న వాసన. ప్లాస్టిక్ విరిగితే ఎసిటిక్ ఆమ్లం పుడుతుంది, ఆ ఆమ్లమే ఆ విరగడాన్ని ఇంకా తొందర చేస్తుంది, పక్కనున్న మంచి షీట్లకీ అంటిస్తుంది. మొదలయ్యాక ఆపలేం, నెమ్మది చేయగలం.

కాలువగట్టు_కుర్రోడు
మా ఇంటి మాగాయ జాడీ కూడా ఇదే జబ్బుతో ఉందేమో చూడాలి

నెగటివ్_మామయ్య
జాడీ సంగతి తర్వాత. లైబ్రరీ గారూ, వాసన బట్టి అన్నీ ఎసిటేటే అనుకోకండి. అదే పెట్టెలో నైట్రేట్ అనే ఇంకో పాత రకం ఫిల్ము ఉండొచ్చు. దాని వ్యవహారం వేరు, అది మండుతుంది.
షీటు అంచు మీద “సేఫ్టీ” అని అచ్చు ఉంటే ఎసిటేట్. “నైట్రేట్” అని ఉంటే చెప్పక్కర్లేదు. ఏమీ లేకపోతే మూలన ఉన్న గాట్లు చూడండి. 1949కి ముందటి కొడాక్ షీట్లలో అంచు నుంచి మొదటి గాటు ఇంగ్లీషు వి ఆకారంలో ఉంటే నైట్రేట్, యు ఆకారంలో ఉంటే సేఫ్టీ. కొడాక్ వాళ్ళు 1951 కల్లా నైట్రేట్ తయారీ పూర్తిగా మానేశారు కాబట్టి ఆ తర్వాతి కొడాక్ ఫిల్ముతో ఈ భయం లేదు. పాడయ్యే తీరూ వేరే. ఎసిటేట్ కుంచించుకుపోతుంది, ఎమల్షన్ మాత్రం కుంచించుకోదు గనక పైన కాలవలు తీసినట్టు ముడతలు లేస్తాయి. నైట్రేట్ ముందు పసుపు తిరుగుతుంది, తర్వాత జిగటై ఒకదానికొకటి అంటుకుంటుంది, చివరికి గోధుమరంగు పొడి అయిపోతుంది.

కాలువగట్టు_కుర్రోడు
ఇంత చూడ్డమెందుకండీ, చిన్న ముక్క కత్తిరించి అగ్గిపుల్ల పెడితే తెలిసిపోద్దిగా

నెగటివ్_మామయ్య
తెలిసిపోద్ది. ఫైరింజనోళ్ళకి కూడా తెలిసిపోద్ది. నైట్రేట్ మండేటప్పుడు తనకి కావలసిన ఆక్సిజన్ తనే పుట్టించుకుంటుంది, తడిగోనె కప్పినా ఆరదు. వచ్చే పొగ విషం. రోహిణీ కార్తెలో రేకుల కప్పు కింద ట్రంకు పెట్టెలో మూసిపెట్టడం అన్నిటికన్నా ప్రమాదం. నైట్రేట్ దొరికితే విడి కాగితపు కవర్లలో, గాలాడే పెట్టెలో, చల్లటి చోట, పుస్తకాలకీ మనుషులకీ దూరంగా ఉంచండి. పొడి అయిపోయినవి ఉంటే అగ్నిమాపక శాఖ వాళ్ళని అడిగే తీసేయించాలి, చెత్తకుండీలో పడేయకూడదు.

సిల్వర్‌జెలటిన్
ఎసిటేట్ ఎంత ముదిరిందో తెలియాలంటే ఏ-డీ స్ట్రిప్స్ అనే రంగు కాగితాలు దొరుకుతాయి. కవరుకొకటి పెట్టి, గది వేడిలో కనీసం ఒక రోజు మూసి ఉంచాలి. నీలంగానే ఉంటే బాగున్నట్టు. ఆకుపచ్చకి తిరిగితే చురుగ్గా పాడవుతోంది. పసుపు అయితే రేపోమాపో. స్కానింగులో ముందు వరస ఆకుపచ్చవాటిది, పసుపువాటిది. నీలంవి ఆగుతాయి.
తర్వాత వాటిని మంచు పేరుకోని రకం ఫ్రీజర్లో పెట్టేయడమే. జిప్ సంచీలో గాలి తీసేసి, దాన్ని ఇంకో జిప్ సంచీలో పెట్టి, రెండిటి మధ్య తేమ చూపించే కార్డు ఒకటి. బయటికి తీసినప్పుడు సంచీ విప్పకుండా ఒక రోజు గదిలో ఉంచాలి. తొందరపడి విప్పితే గోదారి గాలిలోని నీళ్ళన్నీ ఫిల్ము మీదే.

పులస_ప్రియ
ఒక పక్క మూసేస్తే ఆమ్లం లోపలే ఉండి ఇంకా పాడవుతుందంటున్నారు, ఇంకో పక్క రెండు సంచీల్లో బిగించమంటున్నారు. ఏది నిజం?

సిల్వర్‌జెలటిన్
రెండూ. గది వేడిలో మూయకూడదు. సున్నాకి దిగువ 18 డిగ్రీల్లో ఆ రసాయన చర్య దాదాపు నిద్రపోతుంది, అక్కడ సంచీ పని తేమ లోపలికి రాకుండా చూడ్డం. గాజు ప్లేట్లు మాత్రం ఫ్రీజర్లో పెట్టొద్దు. గాజూ జెలటినూ ఒకే తీరున కుంచించుకోవు, ఎమల్షన్ పొరలుగా లేచిపోతుంది.

తేమలెక్కలు
ఏసీ గురించి ఎవరూ మాట్లాడలేదు. పగలు 10 నుంచి 5 దాకా ఏసీ, రాత్రి బంద్ అంటే అసలు ఏసీ లేనిదానికన్నా చెడ్డది. సాయంత్రం ఆపగానే గది చల్లగా ఉంటుంది, బయటి తడిగాలి తలుపు సందుల్లోంచి వచ్చి ఆ చల్లటి బీరువాల మీద, గాజు మీద చెమర్చుతుంది. రోజూ ఉబ్బడం, రోజూ బిగియడం. జెలటిన్ అంచుల దగ్గర లేవడానికి ఇంతకన్నా మంచి యంత్రం ఎవరూ కనిపెట్టలేదు.
ఇక్కడ శత్రువు వేడి కన్నా తేమ. సాపేక్ష తేమ 30 నుంచి 50 శాతం మధ్య ఉండాలని పుస్తకాలు చెప్తాయి. డెల్టాలో వానాకాలం బయట 80, 90. 65 దాటి ఉంటే బూజు ఖాయం. 50కి తేలేకపోయినా 60 దాటకుండా, రోజురోజుకీ ఊగకుండా ఉంచితే సగం గెలిచినట్టే. ఏసీకి పెట్టే డబ్బుతో డీహ్యుమిడిఫయర్ కొనండి. పదీ పన్నెండడుగుల గదికి రోజుకి 12 నుంచి 20 లీటర్లు లాగేది చాలు. ఆ లీటర్ల లెక్క 30 డిగ్రీలు, 80 శాతం తేమ దగ్గర కట్టింది, గది పొడిబారేకొద్దీ తక్కువే లాగుతుంది. దాని ట్యాంకు నిండితే మిషను ఆగిపోతుంది, ఆదివారం ఎవరూ రారు. కాబట్టి ట్యాంకుకి బదులు గొట్టం పెట్టి కిటికీలోంచి బయటికి వదలండి. కిటికీ సందులకి రబ్బరు పట్టీ వేయండి, లేకపోతే గోదావరిని బకెట్‌తో తోడినట్టే.

కొబ్బరిచెట్టు_నీడ
సిలికా జెల్ పొట్లాలు చాలవా? చెప్పుల డబ్బాలో వచ్చేవి బోలెడు ఉన్నాయి

తేమలెక్కలు
ఇనప బీరువాలో సిలికా పెట్టడం చిల్లుకుండలో నీళ్ళు పోసినట్టు. తలుపు సందుల్లోంచి తేమ వస్తూనే ఉంటుంది, రెండు రోజుల్లో పొట్లం నిండిపోతుంది. రబ్బరు అంచున్న గాలి చొరని డబ్బాలో, అదీ ప్రింట్లకీ గాజుకీ అయితే పని చేస్తుంది, ఎసిటేట్‌కి వద్దు. నారింజ రంగు గింజలు తీసుకోండి. నీలంవాటిలో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది, మంచిది కాదు. రంగు మారాక ఓవెన్‌లో 120 డిగ్రీలు దాటకుండా ఆరబెడితే మళ్ళీ వాడుకోవచ్చు. చెప్పుల డబ్బావి చెప్పులకే ఉంచండి.

గోదారిగట్టు_భామ
వేపాకు, కర్పూరం, కలరా ఉండలు. మన పెద్దలు తాళపత్రాలు ఇలాగే కాపాడారు కదా

సిల్వర్‌జెలటిన్
తాటాకు వేరు, వెండి వేరు. పచ్చి వేపాకులో ఉన్నదంతా నీళ్ళేగా, డబ్బాలో తేమ పెరుగుతుంది. కలరా ఉండల ఆవిరి చల్లబడి ప్రింటు మీద మళ్ళీ గడ్డకడుతుంది, మనిషి ఊపిరికీ మంచిది కాదు. సిల్వర్‌ఫిష్ పురుగులకీ బొద్దింకలకీ జెలటిన్ అంటే పాయసం, నిజమే. పురుగు కనబడ్డ కాగితం ప్రింట్లని బిగించిన సంచీలో రెండు వారాలు డీప్ ఫ్రీజర్లో పెట్టి తీస్తే చస్తాయి. చెదలకి మందు గోడకీ నేలకీ కొట్టించండి, పెట్టెల మీద కాదు.

లంకల_లైబ్రరీ
కొన్ని ప్లేట్ల మీద తెల్లటి పొడి, సాలెగూడు లాగా ఉంది. తడిగుడ్డతో తుడవొచ్చా? అంచుల్లో అద్దంలా మెరిసే నీలపు మరకలు కూడా ఉన్నాయి.

నెగటివ్_మామయ్య
చేయి తీసేయండి. బూజు పట్టిన జెలటిన్ నీళ్ళకి కరిగిపోయేలా మారిపోతుంది. తడిగుడ్డ పెడితే బూజుతో పాటు ద్రాక్షారామం కూడా వచ్చేస్తుంది.
ముందు పొడిగదిలో కొన్ని రోజులు ఉంచి బూజుని ఎండబెట్టాలి. ఎండలో కాదు. అది పొడి అయ్యాక ఎన్‌-95 మాస్కు, నైట్రైల్ గ్లవ్స్ వేసుకుని, మెత్తటి వెడల్పు బ్రష్షుతో, రబ్బరు బుడ్డి గాలితో దులపాలి. నోటితో ఊదకూడదు, తుంపర పడుతుంది. నూలు గ్లవ్స్ గాజు పెచ్చుల్లో చిక్కుకుంటాయి, అవి సినిమాలకే. మెరుస్తున్న గాజు వైపు మాత్రం చుక్క డిస్టిల్డ్ వాటర్‌తో తడిపిన దూదితో తుడవొచ్చు, అదీ ఆ వైపు రంగు దిద్దిన గుర్తులూ అంటించిన ముసుగు కాగితాలూ లేవని చూశాకే. ఏది ఏ వైపో తెలియడానికి దీపం కింద వంచి చూడండి, మసకగా కనబడేది ఎమల్షన్.
అద్దంలా మెరిసేది బూజు కాదు. వెండి తేమకీ గాలికీ పైకి తేలి పేరుకున్నది. దాన్ని వదిలేయండి. స్కానింగ్‌లో కాస్త అడ్డం వస్తుంది, అంతే.

పాతకెమెరా
ఒక్కమాట కలుపుతాను. ఆ 340లో ముందు తరంవి ఉన్నాయేమో చూడండి. గాజు అంచులు చేత్తో కోసినట్టు వంకరగా ఉండి, పూత మూలలదాకా సమంగా పరుచుకోక, మీగడ రంగుకి తిరిగితే అది తడి కొలోడియన్ ప్లేటు. గాజు మీద కొలోడియన్ అనే జిగురు ద్రవం పూసి, తడి ఆరకముందే ఫొటో తీసేవాళ్ళు, 1851 నుంచి 1880ల దాకా వాడిన పద్ధతి. ఆ ప్లేటుకి ఆల్కహాలు తగిలితే వార్నిషు కరుగుతుంది. వరదలో తడిస్తే జెలటిన్ ప్లేటుకి కొంత ఓపిక ఉంటుంది, కొలోడియన్‌కి ఉండదు, మొదట ఆరబెట్టాల్సింది అదే. సమంగా కోసిన గాజు, సమమైన పూత ఉంటే ఫ్యాక్టరీ జెలటిన్ డ్రై ప్లేటు. మీ దగ్గరున్నవి దాదాపు అన్నీ ఇవే అయి ఉండాలి.

లంకల_లైబ్రరీ
కవర్లు ఏ కాగితంతో చేయించాలి? ఇక్కడ బటర్ పేపర్, ట్రేసింగ్ పేపర్ దొరుకుతాయి.

సిల్వర్‌జెలటిన్
ఆ రెండూ మన తేమలో ఎమల్షన్‌కి అతుక్కుపోతాయి. పీవీసీ ఆల్బమ్ కవర్లు, జిగురు పేజీల ఆల్బమ్‌లు కూడా వద్దు. ప్లాస్టిక్ అవసరమైతే పాలిఎస్టర్, పాలిప్రొపిలీన్ వాడండి, అదీ ప్రింట్లకే, గది పొడిగా ఉంటేనే. గాజుకి కాగితమే.
కొనేటప్పుడు “యాసిడ్ ఫ్రీ” అన్న ముద్రతో సరిపెట్టుకోకండి. ఫొటోగ్రాఫిక్ యాక్టివిటీ టెస్ట్ పాసైందా అని అడగండి. కాగితం ఫొటోకి హాని చేస్తుందా అని తేల్చే పరీక్ష అది, ఐఎస్ఓ 18916. నీలిరంగు సయనోటైప్ ప్రింట్లు ఉంటే సున్నం కలపని కాగితం వాడాలి, క్షారానికి ఆ నీలం వెలిసిపోతుంది.
గాజుకి నాలుగు రెక్కల కవరు చేయాలి. ఫుల్ ప్లేటు ఆరున్నరా ఎనిమిదిన్నర అంగుళాలు, అంటే 165, 216 మిల్లీమీటర్లు. మధ్య చతురస్రం ప్రతి వైపూ రెండు మూడు మిల్లీమీటర్లు ఎక్కువ ఉండేలా ప్లస్ గుర్తు ఆకారంలో కత్తిరించి నాలుగు రెక్కలూ లోపలికి మడవాలి. జిగురు ఉండదు, అతుకు ఉండదు. నంబరు పెన్సిలుతో, ప్లేటు లోపల పెట్టక ముందే రాయాలి. పెట్టాక రాస్తే ఆ ఒత్తిడి ఎమల్షన్ మీద పడుతుంది.
ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పేర్చకూడదు. పొడుగు అంచు మీద నిలబెట్టాలి, ఐదారింటికి ఒక గట్టి అట్ట. ఫుల్ ప్లేటు ఒక్కోటి 180 గ్రాముల దాకా తూగుతుంది, పెట్టెకి ఇరవై అంటే మూడున్నర కిలోలు. అంతకు మించొద్దు. పెట్టె మీద “గాజు, బరువు” అని పెద్దక్షరాలు.

కోరంగి_కాకి
విరిగినవి ఫెవిక్విక్‌తో...

సిల్వర్‌జెలటిన్
వద్దండీ బాబూ. సెల్లోటేపు కూడా వద్దు. విరిగినవి మాత్రం పడుకోబెట్టే ఉంచాలి. అట్ట మీద ముక్కల్ని వాటి వాటి స్థానాల్లో పెట్టి, మధ్యలో సన్నటి అట్టముక్కలు అడ్డం పెట్టండి, అంచులు రాసుకోకుండా. స్కానింగ్ కూడా అలాగే మిల్లీమీటరు ఎడంతో చేసి కంప్యూటర్లో కలపండి. పోయిన ముక్క చోటు తెల్లగానే వదిలేయండి, పూడ్చకండి.

బిక్కవోలు_బుల్లోడు
కాగితం గొడవ సరే. కమిటీ వాళ్ళు చెప్పిన ఊరి వారీ సర్దుబాటులో తప్పేముంది? ద్రాక్షారామం కావాలంటే ద్రాక్షారామం పెట్టె తీస్తాం. వెతకడం తేలిక.

శాసనం_సుబ్బులు
వెతకడానికి కేటలాగు ఉంది కదండీ, పెట్టెలు ఎందుకు కదపడం? ఉన్న వరసే ఒక సాక్ష్యం. కవరు లేని 112వ ప్లేటు ఏ గుడిదో తెలియదనుకోండి. 111, 113 రెండూ బిక్కవోలు గోలింగేశ్వరానివైతే 112 కూడా ఆ రోజు, ఆ గుడి దగ్గర తీసిందేనని అనుమానించొచ్చు. కలిపేశారా, ఆ ఆధారం పోయింది.
ముందు పెట్టెలు ఉన్నవున్నట్టు ఫొటో తీయండి, పై నుంచి, పక్క నుంచి. తర్వాత వరసగా 0001 నుంచి నమోదు సంఖ్య వేయండి. ఆ సంఖ్యలో ఊరూ జిల్లా దేవుడూ ఏమీ ఇరికించొద్దు. పాత కవరు మీద నంబరుంటే అది వేరే గడిలో అలాగే ఉంటుంది. పాత కవర్లు పారేయకూడదు. రెండు వైపులా స్కాన్ చేసి, వేరే పెట్టెలో అదే సంఖ్యతో ఉంచండి.

బిక్కవోలు_బుల్లోడు
జిల్లా పేరు సంఖ్యలో పెడితే ఏం నష్టం అంట

శాసనం_సుబ్బులు
నష్టం ఇదీ. 1925 దాకా గుంటుపల్లి కృష్ణా జిల్లా. తర్వాత పశ్చిమ గోదావరి. 2022 నుంచి ఏలూరు జిల్లా. ద్రాక్షారామం, బిక్కవోలు, సామర్లకోట మూడూ మొన్నటిదాకా తూర్పు గోదావరి. 2022లో ఒకటి కోనసీమకి, ఒకటి కాకినాడకి పోయాయి, బిక్కవోలు ఒక్కటే మిగిలింది. ప్రభుత్వం జిల్లా మార్చినప్పుడల్లా 340 కవర్లూ చెరిపి రాస్తారా?

బిక్కవోలు_బుల్లోడు
ఆయ్, ఒప్పేసుకున్నాను. మా ఊరే మిగిలింది కాబట్టి.

పాతకెమెరా
పేర్ల సంగతి కూడా. కవర్ల మీద కోకనాడ, ఎల్లూర్, బిక్కవోల్, సామల్‌కోట్ అని ఉంటాయి. రాజమండ్రి 2015 నుంచి రాజమహేంద్రవరం. ద్రాక్షారామాన్ని దాక్షారామం అని కూడా రాస్తారు. కేటలాగులో ఒక ప్రామాణిక పేరు పెట్టుకుని, మిగతావన్నీ దానికి మారుపేర్లుగా కట్టండి. ఎవరు ఏ పేరుతో వెతికినా అక్కడికే రావాలి.

శాసనం_సుబ్బులు
నిజం. ఒక్క నమోదు ఎలా ఉండాలో ఉదాహరణకి రాస్తాను, ఇది మీ పెట్టెలోది కాదు.
నమోదు సంఖ్య 0147. పాత నంబరు: సి 23. పాత శీర్షిక, అక్షరం మార్చకుండా: “బిక్కవోల్, పాత గుడి”. గుర్తింపు: బిక్కవోలు, గోలింగేశ్వరాలయం, విమానం, ఆగ్నేయం వైపు నుంచి. గుర్తించినవారు, తేదీ, ఆధారం. కట్టడం కాలం: 9–10 శతాబ్దాలు, తూర్పు చాళుక్యులు. ఫొటో కాలం: 1920–1940 మధ్య, ఆధారం ఫలానా. ప్రక్రియ: జెలటిన్ డ్రై ప్లేటు, హాఫ్ ప్లేటు. స్థితి: కింది ఎడమ మూల విరిగింది, అంచుల్లో వెండి మెరుపు. ఎక్కడుంది: గది, బీరువా, అర, పెట్టె.
అందరూ చేసే తప్పు కట్టడం కాలమూ ఫొటో కాలమూ ఒకే గడిలో పడేయడం. అలా చేస్తే చాళుక్య భీముడు కెమెరా పట్టుకున్నట్టు లెక్క తేలుతుంది.
ఇంకోటి, పాత శీర్షిక తప్పని తెలిసినా దిద్దకండి. ద్రాక్షారామం, సామర్లకోట భీమేశ్వరాలయాలు రెండూ రెండంతస్తులవి, ఒకే పోలిక, కవర్లు తారుమారై ఉండటం మామూలే. తప్పు తప్పుగానే ఒక గడిలో, మన దిద్దుబాటు పక్క గడిలో. రేపు మన దిద్దుబాటే తప్పని తేలొచ్చు.

పులస_ప్రియ
ర్యాలి విగ్రహం ముందు విష్ణువు, వెనక మోహిని. ముందు వైపు ఒక ప్లేటు, వెనక వైపు ఒక ప్లేటు ఉంటే రెండు విగ్రహాలని రాసేయరూ ఎవరైనా!

శాసనం_సుబ్బులు
బంగారం లాంటి ఉదాహరణ. అందుకే వస్తువుకి ఒక నమోదు, దాని ప్రతి ఫొటోకీ ఒక్కో నమోదు. ర్యాలి జగన్మోహినీ కేశవస్వామి అనే వస్తువు ఒకటే, దానికింద ఎన్ని ప్లేట్లు, ప్రింట్లు, స్కాన్లు ఉంటే అన్నీ వేలాడాలి. శాసనాలకైతే శాసన విభాగం వారి వార్షిక నివేదిక నంబరు కూడా చేర్చండి, అచ్చయిన పాఠంతో పోల్చుకోవచ్చు.

కాలువగట్టు_కుర్రోడు
తేదీ లేని ఫొటోకి 1920–1940 అని ఎలా చెప్పగలరు? సోది చెప్పించుకోవాలా

పాతకెమెరా
చుట్టుపక్కల చూడాలి. రాజమండ్రి రేవులో తీసిన ఫొటోలో హేవలాక్ వంతెన ఉంటే 1900కి అటూఇటూ మొదలు. రెండో వంతెన, రోడ్డూ రైలూ కలిసినది కూడా ఉంటే 1974 తర్వాతే. గుడి ఫొటోల్లో కరెంటు తీగ, సున్నం పూతలు, సిమెంటు మెట్లు, ఎనామెల్ రంగు ఒక్కోటి ఒక్కో గీత గీస్తాయి. ఒకే గుడివి నాలుగు ఫొటోలుంటే ఏది ముందో ఏది వెనకో వాటితోనే తేల్చొచ్చు.
ఇంకో చిట్కా. మన డెల్టా దాదాపు 16.5, 17 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది. మధ్యాహ్నం నీడ దక్షిణం వైపు పడేది కృత్తిక కార్తె నుంచి ఆశ్లేష కార్తె మొదలు దాకానే, అంటే మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా. తూర్పు ముఖం గుడి అయితే దిక్కులు తెలుసు, నీడ చూసి నెల అంచనా కట్టొచ్చు. సంవత్సరం మాత్రం నీడ చెప్పదు.

పిక్సెల్_పంతులు
ఇంతమంది కాగితాల దగ్గరే ఉండిపోయారు. నా మాట: ఇక్కడ 1986 వరద చూశాం, 1996 తుపాను చూశాం. ముందు స్కాన్ చేసేయండి, కేటలాగు తర్వాత తీరిగ్గా.

సిల్వర్‌జెలటిన్
విభేదిస్తున్నాను. నంబరు లేకుండా స్కాన్ చేస్తే 340 ఫైళ్ళు, ఏది ఏ ప్లేటో తెలియని అయోమయం. సంఖ్య, కొలత, స్థితి, ఈ మూడూ రాయనిదే లైట్ బాక్స్ మీదికి ఏదీ ఎక్కకూడదు. దుమ్ము దులపకుండా స్కాన్ చేస్తే ఆ దుమ్మూ భద్రపరిచినట్టే. ముదిరిన ఎసిటేట్ ఒక్కటే మినహాయింపు.

పిక్సెల్_పంతులు
సరే, మూడు గడులకి ఒప్పుకుంటాను. స్కానింగ్ వివరం.
ఫ్లాట్‌బెడ్ గాజు మీద ప్లేటు గీసుకుంటుంది. కెమెరాని కిందికి చూసేలా బిగించే కాపీ స్టాండు, మాక్రో లెన్సు, కింద ఎల్‌ఈడీ పలక, దాని సీఆర్‌ఐ (వెలుతురు నాణ్యత కొలత) 95 పైన. ప్లేటు చుట్టూ మిగిలిన వెలుతురుని నల్ల అట్టతో కప్పేయండి, లేకపోతే నీడలు పాలిపోతాయి. పక్కన స్కేలు, వెలుతురు సరిచూసుకునే గ్రే కార్డు. ప్లేటు అంచులు కూడా ఫ్రేములో పడాలి, గాజు మీద గీసిన నంబర్లు అక్కడే ఉంటాయి. అంగుళానికి 1200 చుక్కల లెక్కన హాఫ్ ప్లేటు 4.45 కోట్ల పిక్సెళ్ళు, 16 బిట్ గ్రే టిఫ్ ఫైలు 89 ఎంబీ. ఫుల్ ప్లేటుకి 160 ఎంబీ దాకా. ఒక్క కెమెరా ఫ్రేములో అంత రాకపోతే భాగాలుగా తీసి కలపాలి.
ఎమల్షన్ వైపు నుంచి తీస్తే బొమ్మ కుడి ఎడమగా వస్తుంది, తిప్పాలి. శాసనం ఉంటే అక్షరాలే చెప్తాయి. విగ్రహమైతే జంధ్యం చూడండి, మామూలుగా ఎడమ భుజం మీద ఉంటుంది. వినాయకుడి తొండం చూసి తేల్చకండి, అది రెండు వైపులా తిరుగుతుంది.
తీసిన నెగటివ్ ఫైలు ఉన్నదున్నట్టు ఒకటి, తిప్పి పాజిటివ్ చేసింది ఒకటి. మొదటిదాన్ని ఎవరూ ముట్టుకోకూడదు.

కోరంగి_కాకి
ఏఐ యాప్‌లో పెడితే అరిగిపోయిన ముఖాలు కూడా చక్కగా వచ్చేస్తున్నాయి. ఎగ్జిబిషన్‌కి బాగుంటుంది

శాసనం_సుబ్బులు
అరిగిపోయిన ముఖం అరిగిపోయినట్టు కనబడటమే ఆ ఫొటో విలువ. తమిళనాడు శ్రీపురంతాన్ నటరాజ విగ్రహం దొంగతనంగా ఆస్ట్రేలియా చేరితే, పాండిచ్చేరి ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్ పాత ఫొటోలతో పోల్చి గుర్తుపట్టారు, 2014లో తిరిగొచ్చింది. అలా పోల్చేది మచ్చల్నీ లోపాల్నీ. యాప్ ముందు తీసేసేవి కూడా అవే. లేని ముక్కు పెట్టిన బొమ్మతో ఏ విగ్రహాన్నీ తిరిగి అడగలేం.

పిక్సెల్_పంతులు
దీనికి నేనూ చేయెత్తుతున్నాను. గాజు ప్లేట్ల నెగటివ్ ఫైళ్ళు కలిపి 40 జీబీ లోపే, అన్నిటికీ మూడు ప్రతులు పెట్టండి. రెండు వేర్వేరు రకాల డిస్కులు, ఒకటి వేరే ఊళ్ళో, గోదారికి దూరంగా. ప్రతి ఫైలుకీ ఎస్‌హెచ్‌ఏ-256 చెక్‌సమ్ (ఫైలుకి వేలిముద్ర లాంటి సంఖ్య) తీసి జాబితా ఉంచి ఏడాదికోసారి సరిచూడాలి. డిస్కు చెడితే తెలుస్తుంది, ఫైలు లోపల చెడితే చెక్‌సమ్ లేనిదే తెలియదు. ఫైలు పేర్లు ఇంగ్లీషు అక్షరాలు, అంకెలతోనే, ఖాళీలు లేకుండా.

తేమలెక్కలు
డేటా ఎంట్రీ చేసేవాళ్ళకి రెండు మాటలు. డీటీపీ సెంటర్లో అను ఫాంట్లలో కొట్టించకండి. తెర మీద తెలుగులా కనబడుతుంది గానీ లోపల ఇంగ్లీషు చెత్త, వెతికితే దొరకదు. యూనికోడ్ మాత్రమే. ఎక్సెల్‌లో 0147 కొడితే 147 అయిపోతుంది, 1900కి ముందు తేదీలని అది తేదీలుగా గుర్తించదు, సీఎస్‌వీగా సేవ్ చేసి తెరిస్తే తెలుగంతా ప్రశ్నార్థకాలవుతుంది. గడులన్నీ టెక్స్ట్‌గా పెట్టి, యూటీఎఫ్‌-8లో సేవ్ చేయండి. తర్వాత ఒమెకా, ఆటమ్ లాంటి కేటలాగు సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించుకోవచ్చు.

లంకల_లైబ్రరీ
పుష్కరాల ఎగ్జిబిషన్‌కి ఒప్పుకోమంటారా? కమిటీ అసలు ప్రింట్లే గోడకి పెట్టాలంటోంది. హక్కుల సంగతి కూడా అడుగుతున్నారు.

పాతకెమెరా
కొత్త ప్రింట్లు వేయించి పెట్టండి. పైగా పెద్ద సైజులో వస్తాయి, జనానికి కనబడతాయి. పాత ప్రింటుకి 50 లక్స్ (వెలుతురు కొలత) మించి వెలుతురు తగలకూడదు, పుష్కర జనం మధ్య ట్యూబ్‌లైట్లు ఆర్పుతారా? అసలువి ఒకటో రెండో తప్పనిసరైతే ప్రింటుకీ ఫ్రేము అద్దానికీ మధ్య అట్ట ఎడం ఉండాలి. అద్దానికి తగిలితే తేమకి అతుక్కుంటుంది, ఇక లాగితే చిరుగుతుంది. ఇప్పటికే అలా అతుక్కున్నవి ఉంటే పీకకండి, అద్దం మీద నుంచే స్కాన్ చేయండి.
హక్కుల మాట: మన దేశంలో 1958కి ముందు తీసిన ఫొటోకి తీసిన నాటి నుంచి 50 ఏళ్ళు, అంటే గడువు తీరిపోయింది. ఆ తర్వాతివైతే ఒక్కోటీ విడిగా చూడాలి. ఏదైనా ఫొటోగ్రాఫర్ పేరు తెలిస్తే వేయడం మానకండి.

సిల్వర్‌జెలటిన్
గాజు వదిలించుకోవడం మీద కమిటీకి ఒక్క లెక్క చెప్పండి. 340 ప్లేట్లకీ పట్టేది ఇరవై లోపు పెట్టెలు, ఒక పౌడర్ కోటింగ్ ఇనప బీరువా. కొత్త చెక్క బీరువా వద్దు, చెక్క ఆమ్లం వదులుతుంది. నేల నుంచి అడుగు ఎత్తున, బయటి గోడకి ఆనకుండా పెట్టండి. బరువైన పెట్టెలు నడుము ఎత్తు అరల్లోనే. పై అంతస్తు వరదకి మంచిది గానీ స్లాబు కింద నేరుగా వద్దు, కారితే మొదట తడిసేది అదే. 1200 చుక్కల స్కాన్ ఇవాళ్టికి చాలు. రేపు ఇంకా మంచి కెమెరా వస్తుంది, ఆ గాజులో ఇంకా వివరం ఉంది.

లంకల_లైబ్రరీ
కమిటీలో లామినేషన్ పోయింది, గాజు ఉంటుంది, కొత్త నంబర్లు వరస ప్రకారమే. ఏసీ బదులు డీహ్యుమిడిఫయర్ మీద చర్చ జరుగుతోంది. అట్టపెట్టె పక్క గదికి మారింది, అంచు మీద సేఫ్టీ అని ఉన్నవి 71, ఏమీ లేనివి 38, వాటి గాట్లు చూడాలి. గదిలో తేమ చూసే మీటరు ఒకటి కొన్నాం. అది నిజం చెప్తోందో లేదో ఎలా తెలుస్తుంది?

తేమలెక్కలు
సీసా మూతలో వంటుప్పు పోసి, నాలుగు చుక్కల నీళ్ళతో తడి ఇసకలా చేయండి, కరిగిపోకూడదు. మీటరుతో పాటు జిప్ సంచీలో బిగించి రాత్రంతా వదిలేయండి. లోపల తేమ 75 శాతం దగ్గర నిలబడుతుంది. పొద్దున్న అది ఎంత చూపిస్తే అంత దాని తేడా.

లంకల_లైబ్రరీ
81 చూపిస్తోంది.

తేమలెక్కలు
ఆరు తీసేసి చదవండి. ఆ మాట చీటీ రాసి మీటరుకే అంటించండి, సెల్లోటేపు దానికి పనికొస్తుంది.